బేగంపేట ఎయిర్‌పోర్టు మూతపడింది కదా, మా బిల్డింగ్‌కి ఇంకా ఎయిర్‌పోర్టు ఎన్‌ఓసీ ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: పాత బోయిన్‌పల్లిలో పన్నెండు వందల గజాల స్థలం ఉంది, స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలే స్తంభాల అంతస్తు) మీద ఐదంతస్తులు వేద్దామనుకుంటే ఆర్కిటెక్టు ఎయిర్‌పోర్టు ఎన్‌ఓసీ, అంటే భవనం ఎత్తుకి అభ్యంతరం లేదనే పత్రం, తెమ్మన్నారు. 2008లోనే విమానాలన్నీ శంషాబాద్‌కి పోయాయి, ఖాళీ రన్‌వేకి ఎన్‌ఓసీ ఏంటి, కొన్నాళ్లు ఆగితే ఈ నిబంధన ఎత్తేస్తారా అని.

సూటిగా చెప్పాలంటే, బేగంపేట రన్‌వే ఖాళీగా లేదు. అక్కడ ఆగిపోయింది టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానాలు మాత్రమే. మిగతావన్నీ నడుస్తున్నాయి. రన్‌వే నడుస్తున్నంత కాలం చుట్టుపక్కల ఎత్తు పరిమితి ఉంటుంది. రోజుకి రెండొందల విమానాలు దిగినా, వారానికి నాలుగు దిగినా లెక్క ఒకటే. కాబట్టి ఆగి లాభం లేదు, ఎన్‌ఓసీకి పెట్టుకోండి. మీ స్థలం నేలమట్టాన్ని బట్టి ఐదంతస్తులు బహుశా వస్తాయి. రాకపోతే పోయేది ఒక్క అంతస్తే. ఎలాగో కింద లెక్కేసి చూపిస్తాను.

ముందు మూసేశారన్న మాట సంగతి. నిజాం కాలంలో, 1930లలో మొదలైన విమానాశ్రయం ఇది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కి ఇదే ఇల్లు. 1953లో దేశంలోని ఎనిమిది ప్రైవేటు విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అక్కడి నుంచి 2008 దాకా హైదరాబాద్‌కి వచ్చీపోయే ప్రతి ప్రయాణికుడూ ఈ ఒక్క రన్‌వే మీదే ఆధారపడ్డాడు. సుమారు 3,200 మీటర్ల పొడవు, తూర్పు పడమరలుగా ఉంటుంది. 2003 తర్వాత చౌక టికెట్ల విమానాలు పెరిగేసరికి ఎయిర్‌పోర్టు కిక్కిరిసింది. రెండో రన్‌వే వేద్దామంటే చోటు లేదు. ఒక పక్క ప్రకాశ్‌నగర్, రసూల్‌పురా, ఇంకో పక్క బోయిన్‌పల్లి, పడమర ఫతేనగర్. ఊరు నాలుగు వైపులా ముట్టేసింది.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయానికి కేంద్రం, జీఎంఆర్ సంస్థ మధ్య 2004 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. కొత్తది తెరిచిన రోజు నుంచి పాతదాంట్లో వాణిజ్య విమానాలు ఆపాలన్నది అందులో షరతు. 2008 మార్చి 22 అర్ధరాత్రి దాటాక, అంటే 23 తెల్లవారితే, శంషాబాద్ మొదలైంది. హెచ్‌వైడీ అన్న టికెట్టు కోడ్ కూడా అక్కడికే వెళ్లిపోయింది. బేగంపేటకి బీపీఎం అనే వేరే కోడ్ ఇచ్చారు. పైలట్లు, ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్లు) వాడే కోడ్ మాత్రం పాతదే, వీఓహెచ్‌వై. శంషాబాద్‌ది వీఓహెచ్‌ఎస్. ఎన్‌ఓసీ లెటర్లలో కనబడేది ఈ రెండో రకం కోడే. లెటర్ వచ్చాక అందులో వీఓహెచ్‌వై ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మరి ఇప్పుడు అక్కడ ఎవరు దిగుతున్నారు? ప్రధాని హైదరాబాద్ వస్తే చాలాసార్లు దిగేది ఇక్కడే. కేంద్ర మంత్రులు, ముఖ్యమంత్రి హెలికాప్టరు, కంపెనీల సొంత జెట్లు, అద్దె విమానాలు వస్తుంటాయి. పైలట్ శిక్షణ ఇచ్చే తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఇక్కడే ఉంది. వైమానిక దళానికి పక్కనే స్టేషన్ ఉంది, వాళ్ల నావిగేషన్ శిక్షణ బడి చాలాకాలంగా బేగంపేటలోనే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ సొంత శిక్షణ కేంద్రం, పరిశోధన కేంద్రం కూడా ఈ ఆవరణలోనే ఉన్నాయి. రెండేళ్లకోసారి జరిగే విమానాల ప్రదర్శన, వింగ్స్ ఇండియా సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2024లో జనవరి 18 నుంచి 21 దాకా జరిగింది. అప్పుడు పెద్ద పెద్ద ప్రయాణికుల విమానాలు సైతం ఈ రన్‌వే మీదే దిగుతాయి. విన్యాసాలు జరిగే గంటల్లో మామూలు రాకపోకలు ఆపుతూ నోటమ్ (పైలట్లకి ఇచ్చే హెచ్చరిక నోటీసు) జారీ చేస్తారు.

ఇలాంటి ఎయిర్‌పోర్టు నడపడం పెద్ద ఎయిర్‌పోర్టు కన్నా సులువు అనుకుంటారు. ఒక రకంగా కష్టం. రెగ్యులర్ టైంటేబుల్ ఉండదు. అద్దె విమానం వాళ్లు ఫ్లైట్ ప్లాన్ ఇచ్చాక ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్సు నంబరు, ఎఫ్‌ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబరు తీసుకోవాలి. పార్కింగ్ చోటు ముందే ఖాయం చేసుకోవాలి. డ్యూటీ గంటలు దాటి వస్తామంటే ముందే అడిగి, అదనపు రుసుము కట్టాలి. వచ్చే విమానం సైజును బట్టి అగ్నిమాపక దళం కేటగిరీ సరిపోతుందో లేదో చూసుకోవాలి. సరిపోకపోతే బళ్లు, మనుషులు పెరగాలి. వీవీఐపీ వస్తే ఆ కాసేపు శిక్షణ విమానాలన్నీ నేల మీదే. విమానాలు తక్కువని రన్‌వే తనిఖీ తగ్గించడానికీ కుదరదు. తక్కువ వాడే రన్‌వే మీదే కుక్కలు, పక్షులు, గడ్డి, ఊడిన రాళ్లు ఎక్కువ. ఇక్కడి ప్రత్యేక బెడద గద్దలు. చుట్టూ జనావాసం, మాంసం దుకాణాలు, చెత్త కుప్పలు. ఎయిర్‌పోర్టు నుంచి 10 కిలోమీటర్ల లోపు బహిరంగంగా జంతువులను కోయడం, పక్షులు మూగేలా చెత్త పోయడం ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ ప్రకారం నిషేధం. అమలు ఎంత గొప్పగా ఉందో మీ వీధి చివర చూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి, ఎత్తు.

ఎత్తు పరిమితికి ఆధారం 2015 సెప్టెంబరు 30న కేంద్ర పౌర విమానయాన శాఖ ఇచ్చిన జీఎస్ఆర్ 751 నోటిఫికేషన్, తర్వాత వచ్చిన సవరణలు. పాత 1934 ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం వచ్చింది. దాంతో ఎత్తు రూల్సు పోయాయని కొందరు బిల్డర్లు చెబుతున్నారు, నమ్మకండి. ఎయిర్‌పోర్టు మధ్య బిందువు నుంచి 20 కిలోమీటర్ల దాకా ఈ రూల్సు వర్తిస్తాయి. హైదరాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు. బేగంపేటకి శంషాబాద్ తిన్నగా కొలిస్తే సుమారు 24 కిలోమీటర్లే. ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక దళం రన్‌వేలు ఉన్నాయి. ఈ వలయాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నగరంలో ఏదో ఒక రన్‌వే నీడలో లేని స్థలం దొరకడం కష్టం.

రన్‌వే చుట్టూ ఆకాశంలో ఒక పెద్ద గిన్నె పెట్టారనుకోండి. ఆ గిన్నె అంచుల్లోంచి ఏదీ పైకి పొడుచుకు రాకూడదు. బేగంపేట లాంటి పెద్ద రన్‌వేకి కొలతలు ఇవీ.

రన్‌వే మధ్య గీత నుంచి ఇరువైపులా 140 మీటర్ల దాకా స్ట్రిప్, అక్కడ ఏ కట్టడమూ ఉండదు. దాని అంచు నుంచి పక్కకి ప్రతి ఏడు మీటర్లకి ఒక మీటరు చొప్పున పైకి లేస్తుంది. ఉదాహరణకి మధ్య గీతకి 300 మీటర్ల దూరంలో ఉన్న స్థలంలో, రన్‌వే మట్టం కన్నా 22.8 మీటర్లు పైకి వెళ్లొచ్చు. 455 మీటర్లకి వచ్చేసరికి 45 మీటర్లు అందుతుంది. అక్కడి నుంచి రన్‌వే చుట్టూ నాలుగు కిలోమీటర్ల దాకా ఆ 45 మీటర్లే సమతలంగా ఉంటుంది. నాలుగు దాటాక ప్రతి 20 మీటర్లకి ఒక మీటరు చొప్పున పెరిగి, ఆరు కిలోమీటర్ల దగ్గర 145 మీటర్లు అవుతుంది. ఆ తర్వాత 15 కిలోమీటర్ల దాకా 150 మీటర్లు.

రన్‌వే రెండు కొసల ముందు మాత్రం లెక్క వేరు, చాలా కఠినం. కొస నుంచి 60 మీటర్లు వదిలి, ప్రతి 50 మీటర్లకి ఒక్క మీటరు. అలా మూడు కిలోమీటర్లు. ఆపైన ప్రతి 40 మీటర్లకి ఒక మీటరు. కొస నుంచి కిలోమీటరు దూరంలో అనుమతించేది 18.8 మీటర్లు. 300 మీటర్ల దూరంలో 4.8 మీటర్లు. అంటే ఒక అంతస్తు వేసి పైన ట్యాంకు పెడితే అయిపోయినట్టే.

ఇది కాగితం లెక్క కాదనడానికి మీ ఇంటి దగ్గరే సాక్ష్యం ఉంది. ప్యారడైజ్ నుంచి బోయిన్‌పల్లి డెయిరీ ఫాం రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఐదు కిలోమీటర్లు పైచిలుకు ఫ్లైఓవర్ వేస్తూ, మధ్యలో రన్‌వే తూర్పు కొస ఎదురుగా తాడ్‌బంద్ వైపు సుమారు 600 మీటర్లు మాత్రం భూమి కిందికి దింపేలా ప్లాను వేశారు. ఫ్లైఓవర్, దాని మీద లారీ, దాని పైన వీధి దీపం ఆ వాలులో పట్టవు. ప్రభుత్వ రోడ్డే తల వంచుకుని సొరంగంలో దూరాల్సి వచ్చింది. మీ ఐదో అంతస్తుకి ఎవరు మినహాయింపు ఇస్తారో ఆలోచించండి.

ఈ కాసిని విమానాలకి ఇంత పట్టు ఎందుకంటే, ఒక ఇంజన్ ఆగిపోయిన రోజు కోసం. రెండు ఇంజన్ల ప్రయాణికుల విమానం టేకాఫ్‌లో ఒకటి పోయినా కనీసం 2.4 శాతం వాలుతో పైకి లేవగలగాలి. అందులో 0.8 తీసేసి, 1.6 శాతంతో లెక్కేసిన దారికి కింద అడ్డం లేకుండా చూస్తారు. అంటే వంద మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు అరవై సెంటీమీటర్లు. దానికి తోడు మన ఊరి ఎండ. బేగంపేట సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో 40 డిగ్రీలుంటే, గాలి పలచబడి ఇంజన్‌కీ రెక్కకీ అది ఐదు వేల అడుగుల ఎత్తున్న ఎయిర్‌పోర్టు లాగే అనిపిస్తుంది. ఆ వాలులోకి ఒక భవనం పొడుచుకొస్తే విమానం బరువు తగ్గించుకోవాలి. ఒక్క బిల్డింగు కోసం ఆ రన్‌వే వాడే ప్రతి పెద్ద విమానమూ మందినో ఇంధనాన్నో దింపుకోవాలి.

ఇప్పుడు మీ స్థలం లెక్క. అందరూ తప్పు చేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఎన్‌ఓసీలో ఇచ్చే ఎత్తు నేల మీది నుంచి కాదు, సముద్రమట్టం నుంచి. బేగంపేట 531, దాని మీద 45 కలిపితే 576 మీటర్లు. కొసల ఎదురుగా కాకుండా పక్కకి ఉండి, మధ్య గీతకి 455 మీటర్లు దాటి, నాలుగు కిలోమీటర్ల లోపు ఉన్న స్థలాలకి దాదాపు ఇదే పైకప్పు. దాన్లోంచి మీ నేలమట్టం తీసేస్తే మిగిలేది మీ ఎత్తు.

హుస్సేన్‌సాగర్ నిండు మట్టం 513.41 మీటర్లు. చెరువు ఒడ్డున 515 మీటర్ల నేల ఉన్నవాడికి 61 మీటర్లు వస్తాయి. అదే దూరంలో గుట్ట మీద 555 మీటర్ల నేల ఉన్నవాడికి 21 మీటర్లే. పక్క వీధిలో పది అంతస్తులు లేచాయి, నాకెందుకు రావని గొడవ పెట్టుకునే వాళ్లలో సగం మందికి జవాబు ఇదే. హైదరాబాద్ ఎత్తుపల్లాల ఊరు. రెండు వీధుల తేడాలో పది మీటర్లు మారుతుంది.

మీ ఐదంతస్తుల అసలు ఎత్తు చూద్దాం. స్టిల్ట్ 3 మీటర్లు, ఐదంతస్తులు 15, పిట్టగోడ 1. మెట్ల గది లేదా లిఫ్ట్ గది దాదాపు 3. దాని మీద నీళ్ల ట్యాంకు 2, ఆ పైన పిడుగు నివారణ కడ్డీ. మొత్తం 24 నుంచి 25 మీటర్లు. మీ నేల 545 అనుకుంటే 576 లోపు 31 మీటర్లు ఉన్నాయి, హాయిగా పడుతుంది. నేల 555 అయితే ఉన్నవి 21 మీటర్లే, ఒక అంతస్తు పోతుంది, దాంతోపాటు ట్యాంకు కూడా కిందికి దింపి ప్రెషర్ పంపు పెట్టుకోవాల్సి రావచ్చు. విమానాలకి దారి చూపే ఎయిర్‌పోర్టు పరికరాల సిగ్నల్‌కి అడ్డు రాకుండా వేసే వేరే హద్దులు ఇంకా తక్కువ చెబితే ఆ తక్కువే ఖాయం.

గమనించండి: మున్సిపల్ లెక్కలో, అంటే 2012 నాటి జీవో 168లో, మెట్ల గది, లిఫ్ట్ గది, ట్యాంకు భవనం ఎత్తులోకి రావు. ఎయిర్‌పోర్టు లెక్కలో కడ్డీ కొస దాకా వస్తాయి. ప్లాను మీద ఉన్న అంకె చూసి అదే ఎన్‌ఓసీలో అడిగేస్తారు. తీరా బిల్డింగ్ లేచాక ఐదారు మీటర్లు ఎక్కువ తేలుతుంది. సోలార్ ప్యానెళ్లు, సెల్ టవర్, హోర్డింగ్ కూడా ఇందులోకే వస్తాయి. టెర్రస్ మీద టవర్‌కి అద్దె వస్తుందని పెట్టించి నోటీసులు అందుకున్న అపార్టుమెంట్ సంఘాలు ఉన్నాయి.

సర్వే దగ్గర జరిగే పెద్ద పొరపాటు: నేలమట్టాన్ని ముడి జీపీఎస్ అంకెగా ఇచ్చేయడం. జీపీఎస్ కొలిచేది భూమికి గణితంతో గీసిన అండాకారపు ఉపరితలం నుంచి, సముద్రమట్టం నుంచి కాదు. హైదరాబాద్‌లో ఈ రెంటికీ తేడా 70 మీటర్ల పైమాటే. ముడి అంకె ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. 545 ఉండాల్సిన స్థలానికి 470 అని రాసి, 25 మీటర్ల భవనం కలిపి 495 అడుగుతారు. కంప్యూటర్ చూస్తుంది, 576 లోపే ఉంది కదా అని 495 ఇచ్చేస్తుంది. చేతికి ఎన్‌ఓసీ వచ్చిందని సంబరపడతారు. నిజానికి ఆ కాగితం ప్రకారం వాళ్లకి అనుమతి ఉన్నది నేలకి 50 మీటర్ల లోతున! పూర్తయ్యాక తనిఖీలో దొరికితే ఆ ఎన్‌ఓసీ చిత్తు కాగితం.

తెలుసుకోవడం సులువే. మన ఊళ్లో, మీ వైపు, సర్వే రిపోర్టులో నేలమట్టం 500 కన్నా తక్కువ కనిపిస్తే వెంటనే అనుమానించండి. చెరువు నీటి మట్టమే 513, మీరు చెరువు కన్నా కింద లేరు కదా. డీజీపీఎస్ (మరింత కచ్చితంగా కొలిచే జీపీఎస్)తో కొలిచి, సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కుకి (సముద్రమట్టం నుంచి ఎత్తు తెలిసిన గుర్తు రాయికి) కలిపి సముద్రమట్టం రాయమని సర్వేయర్‌కి గట్టిగా చెప్పండి. అలాగే అక్షాంశ రేఖాంశాలు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 కొలత పద్ధతిలో ఉండాలి. పాత టోపో షీట్ల (సర్వే మ్యాపుల) నుంచి తీస్తే స్థలం వంద మీటర్లకి పైగా జరిగిపోతుంది. కొసల దగ్గర ఆ జరుగుడుకి ఒకటి రెండు మీటర్లు తేడా వస్తుంది, పక్కల్లో ఏకంగా పదిహేను మీటర్లు.

ఇక పని వరస. ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నోకాస్ పోర్టల్‌లో రంగుల మ్యాప్ చూడండి. గడి గడికీ ఒక రంగు, ఆ రంగుకి ఒక ఎత్తు ఉంటుంది. మీ భవనం పైకొస ఆ ఎత్తు లోపే ఉండి, గడి ఎరుపు కాకపోతే స్థానిక సంస్థే అనుమతి ఇవ్వొచ్చు, వేరే ఎన్‌ఓసీ అక్కర్లేదు. ఎరుపైతే, లేదా అంతకన్నా ఎత్తు కావాలంటే దరఖాస్తు తప్పదు. రన్‌వేకి ఆనుకుని ఉన్న ప్రాంతమంతా ఎరుపే అనుకుని సిద్ధంగా ఉండండి.

దరఖాస్తులో స్థలం ప్రతి మూల అక్షాంశ రేఖాంశాలు, స్థలంలో అన్నిటికన్నా ఎత్తైన చోటి మట్టం, అడిగే పైకొస మట్టం ఇవ్వాలి. సర్వే ధ్రువపత్రం, యజమాని హామీ పత్రం, వేరేవాళ్లు పెడితే అధికార పత్రం కూడా జత చేయాలి. నాలుగు మూలల బదులు మధ్య బిందువు ఒక్కటే ఇచ్చి వెనక్కి తిరిగొచ్చే ఫైళ్లు చాలా. యజమాని పేరు దస్తావేజులో ఒకలా, హామీ పత్రంలో ఇంకోలా ఉన్నా తిరిగొస్తుంది. మిగతాదంతా కంప్యూటర్ లెక్క. ఎత్తు రెండు మీటర్లు ఎక్కువ ఇప్పిస్తానని ఎవరైనా మధ్యవర్తి డబ్బులు అడిగితే, అతను ఇప్పించేది తప్పుడు సర్వే మాత్రమే.

మీకు కావాల్సిన ఎత్తు కన్నా కొంచెం ఎక్కువే అడగండి. కావాల్సింది 570 అయితే 572 అడగండి. కుదిరితే ఇస్తారు, కుదరకపోతే కుదిరినంత ఇస్తారు. తక్కువ అడిగితే ఆ తక్కువే వస్తుంది. తర్వాత లిఫ్ట్ గది పెంచాలంటే మళ్లీ మొదటి నుంచి.

లెటర్ వచ్చాక మొదటి పేజీ చూసి ఫైల్లో పెట్టేయకండి, షరతులు చదవండి. సాధారణ భవనాలకి గడువు ఎనిమిదేళ్లు. ఆలోపు కట్టడం ముగించాలి. వాటాల గొడవలతో సగంలో ఆగిన బిల్డింగులకి ఇదే చిక్కు. నిర్మాణానికి వాడే క్రేన్ కూడా ఆ ఎత్తు దాటకూడదు. ఐదంతస్తులకి క్రేన్ వాడకపోవచ్చు, కానీ కాంక్రీట్ పంపు బూమ్ ఎత్తితే ముప్పై మీటర్లు దాటుతుంది, కాంట్రాక్టర్‌కి ముందే చెప్పండి. ఎనిమిది కిలోమీటర్ల లోపు పొగ వచ్చే కొలిమి, బాయిలర్ ఉంటే ఆయిల్ లేదా కరెంటుది మాత్రమే. విమానాల వైపు కొట్టే ఫ్లడ్ లైట్లు వద్దు. ఎత్తు మించితే పడగొట్టించడానికి, చెట్లు అడ్డమైతే కొట్టించడానికి 1994 నుంచి ప్రత్యేక రూల్సు ఉన్నాయి. ప్రహరీ పక్కన కొబ్బరి చెట్టు వేసుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

బోయిన్‌పల్లిలో ఇంకో మెలిక. కొంత భాగం మున్సిపల్ కార్పొరేషన్ కింద, కొంత కంటోన్మెంట్ బోర్డు కింద ఉంది. మీరు పాత బోయిన్‌పల్లి అన్నారు కాబట్టి కార్పొరేషనే అయ్యుండాలి, అయినా దస్తావేజులో సర్వే నంబరు సరిచూసుకోండి. కంటోన్మెంట్ హద్దుకో, వైమానిక దళం గోడకో దగ్గరైతే రక్షణ శాఖ ఎన్‌ఓసీ వేరే అడుగుతారు. అది ఏవియేషన్ ఎత్తుకి సంబంధం లేని భద్రత విషయం, ఒకటి వచ్చిందని రెండోది రాదు. హకీంపేట వలయానికి కూడా ఎయిర్ ఫోర్స్ దగ్గరే తీసుకోవాలి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇవ్వదు. అల్వాల్, కొంపల్లి వైపు కొనేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

ఇచ్చిన ఎత్తు చాలలేదనుకుంటే అప్పీలు ఉంది. ఏరోనాటికల్ స్టడీ (ఆ ఎత్తు విమానాలకి నిజంగా అడ్డమా అని చూసే అధ్యయనం) చేయించమని అడగొచ్చు, లేదా పక్కనే అంతకన్నా ఎత్తైన పాత అడ్డంకి ఉంటే దాని చాటున సర్దమని కోరొచ్చు. సమతలంగా ఉండే భాగంలో, దాని అవతల పెరిగే వాలులో కొన్నిసార్లు కాస్త కలిసొస్తుంది. రన్‌వే కొసల ఎదురుగా, పక్క వాలులో అయితే ఆశ పెట్టుకోకండి. ఐదంతస్తుల భవనానికి స్టడీ ఖర్చు, కాలం నా లెక్కలో గిట్టుబాటు కాదు. అది ముప్పై అంతస్తుల వాళ్ల ఆట.

చివరిగా, బేగంపేట మళ్లీ తెరుస్తారా, లేక పూర్తిగా మూసేస్తారా అన్నది. రెండూ ఎన్నికల ముందు వినబడే మాటలే. శంషాబాద్ ఒప్పందం ప్రకారం అది తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లు, అంటే 2033 దాకా, 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయానికి అడ్డు ఉంది. 2020లో బీదర్‌లో విమానాలు మొదలైనా, 2025లో వరంగల్ మామునూరుకి కేంద్రం ఆమోదం వచ్చినా జీఎంఆర్ సరేనన్న తర్వాతే. బీదర్, మామునూరు శంషాబాద్ ప్రయాణికులను పెద్దగా లాగవు, బేగంపేట లాగుతుంది. కాబట్టి దీనికి వాళ్లు సరేనంటారని అనుకోను. 2033 తర్వాతైనా, శంషాబాద్‌లో 4,260, 3,707 మీటర్ల రెండు రన్‌వేలు, వేల ఎకరాల చోటు ఉండగా సికింద్రాబాద్ నడిబొడ్డున రద్దీ పెంచుతారా అన్నది అనుమానమే.

పూర్తిగా మూసేయడం ఇంకా దూరం. వీవీఐపీలకి ఊరి మధ్య దిగే చోటు, వైమానిక దళానికి పక్కనే రన్‌వే, శిక్షణ కేంద్రాలు, ప్రదర్శన, ఇంతమంది అవసరం ఒకేసారి తీరిపోదు. ఈ నిబంధన ఎత్తేస్తారని చెప్పి మీ స్థలం డెవలప్‌మెంటుకి తీసుకుంటామని ఎవరైనా బిల్డర్ వస్తే, ఒప్పందంలో అదనపు అంతస్తుల వాటా మాట రాయనివ్వకండి. ఎన్‌ఓసీలో వచ్చిన ఎత్తు ఎంతో అంతకే లెక్క కట్టించండి. సర్వే రిపోర్టు చేతికొచ్చాక నేలమట్టం, నాలుగు మూలల అంకెలు ఇక్కడ పెడితే, మీ స్థలం కొసల వాలులో పడుతుందో పక్క వాలులో పడుతుందో చూసి చెబుతాను.